అందరూ చూసేది, ఒకరి ఖాతాలోంచి కట్టేది

కోవూరు ప్రాంతం నుంచి నలభై నాలుగేళ్ల పాఠకురాలు ఒకరు పొడవైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. వారి భర్త రైస్ మిల్లులో గుమాస్తా, జీతం 24,000 రూపాయలు. ఈమె ఇంట్లోనే మిషను పెట్టుకొని జాకెట్లు కుడతారు, చీరలకు ఫాల్సు, పీకో చేస్తారు. పెళ్లిళ్ల రోజుల్లో బాగానే వచ్చినా ఆషాఢంలో మూడు వేలు కూడా కష్టమేననీ, సగటున నెలకు ఆరు వేలు అనుకోవచ్చుననీ రాశారు. కొడుకు చెన్నైలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. కూతురు నెల్లూరులో ఇంటర్ రెండో సంవత్సరం. అత్తగారు వీరితోనే ఉంటారు.

గొడవ గ్యాస్ సిలిండరు దగ్గర మొదలైందట. సిలిండరు తెచ్చిన అబ్బాయికి ఫోనులో డబ్బు పంపబోతే ఖాతాలో చాలలేదు. పాత మెసేజీలు వెతికితే, నిమిషం నిడివి సీరియళ్లు చూపించే ఏదో యాప్ ఐదు నెలలుగా నెలకు 199 రూపాయల చొప్పున తీసుకుంటోందని తేలింది. ఇంట్లో ఎవరూ ఆ యాప్ తమదని ఒప్పుకోలేదు. ఆ పట్టున మిగతావి కూడా లెక్క తీశారు. నెట్‌ఫ్లిక్స్‌కు నెలకు 499, అమెజాన్ ప్రైమ్‌కు ఏడాదికి 1,499, క్రికెట్ కోసం జియోహాట్‌స్టార్‌కు ఏడాదికి 899. ఇవన్నీ ఆమె ఖాతాలోంచే పోతున్నాయి. ఇవి కాక ఫైబర్ ఇంటర్నెట్ ప్లాను 999 రూపాయలు, పన్ను అదనం. అత్తగారి కేబుల్‌కు నెలకు 300. ఈ రెండూ భర్త కడతారు.

లెక్క చూసిన భర్త "ఉత్తపుణ్యానికి ఇంత డబ్బా, అన్నీ తీసిపారెయ్" అన్నారు. చెన్నై నుంచి కొడుకు "నలుగురం ఒక్క సినిమాకు పోతే వెయ్యి అవుద్ది కదమ్మా, నెలంతా చూసేదానికి ఐదొందలు ఎక్కువా?" అన్నాడు. అత్తగారు తన టీవీ జోలికి రావొద్దని ముందే చెప్పేశారు. ఉత్తరం చివర ఆమె అడిగింది ఇది: "రాత్రి తొమ్మిది దాటాక హుక్కులు కుట్టుకుంటూ, చేతిపని చేసుకుంటూ మలయాళం డబ్బింగ్ సినిమా ఏదో ఒకటి చూస్తాను. రోజు మొత్తంలో నాకంటూ ఉండేది అదొక్కటే. అది కూడా దండగేనా? ఇట్టాంటిది అడగడానికే సిగ్గుగా ఉంది."

అమ్మా,

సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. పొద్దుటి నుంచి మిషను తొక్కిన మనిషి రాత్రిపూట హుక్కులు కుడుతూ సినిమా చూస్తే అది విలాసం కిందికి రాదు, పైగా మీరు అప్పుడు కూడా పనిచేస్తూనే ఉన్నారు. మీ ఇంట్లో ఈ ఖర్చుకు తగిన ఫలితం పూర్తిగా రాబట్టుకుంటున్నది బహుశా మీరొక్కరే. అందుకే తీసేయాలన్న మాట వచ్చినప్పుడు ముందుగా మీ సినిమా వైపే వేలు చూపడం నాకు నచ్చలేదు.

మీవారి మాటా, మీ అబ్బాయి మాటా రెండూ లెక్కల్లాగే వినిపిస్తాయి కానీ రెండింటిలోనూ లోపం ఉంది. అబ్బాయి థియేటరుతో పోల్చాడు. నెల్లూరుకు నలుగురు వెళ్లి, టిక్కెట్లు కొని, విరామంలో ఏదో తిని, ఆటోలో తిరిగొస్తే వెయ్యి దాటుతుందన్నది నిజమే. అయితే మీ కుటుంబం థియేటరుకు వెళ్లేది సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవుల్లో ఒకసారి అని మీరే రాశారు. నెట్‌ఫ్లిక్స్ వచ్చాక ఆ రెండూ మానలేదు కూడా. పెట్టని ఖర్చును మిగిలిన ఖర్చుగా చూపించడం కుర్రవాళ్ల వాదనలో తరచూ కనిపించే చమత్కారం. మీవారిదేమో మొత్తాన్ని ఒకే మూటగా కట్టి బయట పారేసే లెక్క. ఆ మూటలో తాను చూసే క్రికెట్ కూడా ఉందన్న సంగతి మార్చి నెలాఖరుకు, ఐపీఎల్ మొదలయ్యేసరికి, ఆయనకే గుర్తొస్తుంది.

ఈ సేవలకు పెట్టిన డబ్బుకు విలువ ఉందా లేదా అన్నది ధర చూసి చెప్పగలిగేది కాదు, ఆ నెలలో ఎవరు ఎన్ని రోజులు చూశారన్న దాన్నిబట్టి చెప్పవలసింది. నెలకు 199 కట్టి ఇరవై రాత్రులు చూస్తే రాత్రికి పది రూపాయలు పడుతుంది. ఏడాదికి 1,499 కట్టి మూడు సినిమాలు చూస్తే సినిమాకు 500 పడుతుంది. రెండోది చౌక అనిపించడానికి కారణం, ఆ డబ్బు ఒకేసారి పోయి మరుపున పడిపోవడమే. గోడ క్యాలెండరులో పాలు రాని రోజు మీరు గుర్తు పెడతారు కదా, అదే గడిలో ఒక నెల రోజులు ఏ యాప్ తెరిచారో మొదటి అక్షరం, చూసినవారి పేరులో మొదటి అక్షరం రాయించండి. ఎవరినీ నిలదీయవద్దు, రాయమనండి చాలు. నెలాఖరుకు ఆ కాగితం చెప్పేదాన్ని మీవారూ కాదనలేరు, మీ అబ్బాయీ కాదనలేడు.

ఇక ఉత్తరంలో మీరు ఒకే వాక్యంలో చెప్పి దాటేసిన విషయానికి వస్తాను. నాకు అసలు చిక్కు అక్కడే ఉందనిపించింది. ఇంట్లో అందరూ చూసేవాటికి డబ్బు మీ ఒక్కరి ఖాతాలోంచే ఎందుకు పోతోంది? మీ ఫోనులో యూపీఐ ఉంది, అబ్బాయికి పిన్ తెలుసు, కాబట్టి ఏది కొన్నా అదే ఖాతాకు తగిలించాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేకపోవచ్చు. అయినా జరిగింది చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఏడాదికి 5,988, ప్రైమ్ 1,499, హాట్‌స్టార్ 899, మొత్తం 8,386. ఆ పేరు తెలియని యాప్ తీసుకున్న 995 కలిపితే 9,381. లైనింగు జాకెట్టుకు 350 తీసుకుంటానన్నారు. అంటే ఇరవై ఆరు జాకెట్ల కూలి పోగా, ఇరవై ఏడోదానిలోనూ ముప్పాతిక వంతుకు పైగా వీటికే పోయింది, దారం, లైనింగు గుడ్డ ఖర్చు తీయకముందే. మిల్లు జీతం ఇంటి జీతంగా, కుట్టుకూలి చిల్లర ఖర్చుల డబ్బుగా మారిపోయిన ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. మీ ఇల్లు కూడా అందులో చేరిందేమో ఆలోచించండి. ఈ ఒక్క విషయం సర్దుకోకుండా యాప్‌లు తీసినా, ఉంచినా, రేపు మరో ఖర్చు వచ్చి అదే ఖాతాకు తగులుకుంటుంది.

ఆ 199 రూపాయల యాప్ సంగతి ముందు తేల్చుకోండి. ఇటువంటివి చాలావరకు ఒక రూపాయికి, రెండు రూపాయలకు రుచి చూపిస్తామని మొదలవుతాయి. ఆ రూపాయికి పిన్ కొట్టినప్పుడే ముందు ముందు ప్రతి నెలా తీసుకునేందుకు అనుమతి కూడా ఇచ్చినట్టవుతుంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలా తిరిగి తిరిగి తీసుకునే మొత్తానికి 24 గంటల ముందు మీకు కబురు రావాలి, కానీ 15,000 రూపాయల లోపు మొత్తానికి ప్రతిసారీ మిమ్మల్ని మళ్లీ పిన్ అడగనక్కరలేదు. కబురు వచ్చే ఉంటుంది, లోన్ల మెసేజీల మధ్య కొట్టుకుపోయి ఉంటుంది. ఫోనులోంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన డబ్బు పోవడం ఆగదు. మీరు డబ్బు పంపే యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్తే ఏయే సంస్థకు అనుమతి ఉందో వరుసగా కనిపిస్తాయి. అక్కడ రద్దు చేయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న పదమూడు రకాల మోసపూరిత పద్ధతులను గుర్తించి నిషేధించింది. చేరడం తేలిక చేసి, బయటపడే దారిని మరుగుపరచి చందాలో ఇరికించడం అందులో ఒకటి. రద్దు చేశాక కూడా డబ్బు పోతే బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయండి.

ఆ రూపాయి ఎవరు నొక్కారన్న విచారణ మాత్రం పెట్టుకోవద్దు. అమ్మాయి కావచ్చు, అత్తగారు కూడా కావచ్చు. ఈ పొట్టి సీరియళ్లకు వయసుతో పనిలేదు. పిన్ మార్చి, కొత్తది మీ దగ్గరే ఉంచుకోండి. అబ్బాయికి కూడా చెప్పవద్దు. వాడు నొచ్చుకుంటే రెండు రోజుల్లో సర్దుకుంటాడు.

మీరు జత చేసిన ఫైబర్ బిల్లు చూశాను. 999 రూపాయల ప్లానుతో పాటు వచ్చే యాప్‌ల పేర్లు వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నాయి, అందులో హాట్‌స్టార్ కూడా ఉంది. అంటే మీరు దానికి రెండుసార్లు కడుతున్నారు, ఒకసారి ఈ బిల్లులో, మరొకసారి విడిగా 899. ఉచితంగా వస్తుందని చెప్పే యాప్ ధర ప్లానులోనే కలిసి ఉంటుంది. అదే కంపెనీలో యాప్‌లు లేని ప్లాను 599కి ఉందని మీరే రాశారు. తేడా 400, దాని మీద 18 శాతం పన్ను కలిపితే నెలకు 472, ఏడాదికి 5,664 రూపాయలు. వేగం కొంత తగ్గుతుంది. టీవీలో హెచ్‌డీ సినిమా ఆగకుండా రావడానికి 5 ఎంబీపీఎస్ వేగం ఉంటే సరిపోతుంది కాబట్టి, ఒక టీవీకీ రెండు మూడు ఫోన్లకూ ఆ చిన్న ప్లానుతో మీకు ఇబ్బంది ఉండదనే అనుకుంటాను. ఇది మారిస్తే మీ ఇంట్లో ఏ ఒక్కరూ ఏ ఒక్క కార్యక్రమమూ వదులుకోకుండానే అన్నిటికంటే పెద్ద మొత్తం మిగులుతుంది. విడిగా కొన్న హాట్‌స్టార్ గడువు అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది. మార్చేముందు పాత ప్లానుకు ఆరు నెలలకో ఏడాదికో ముందుగా కట్టేసి ఉన్నారేమో, రౌటరు వాళ్లు ఉత్తినే ఇచ్చినదైతే ఏదైనా షరతు ఉందేమో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు యాప్‌ల మాట. మీ ముందు మూడు దారులున్నాయి. మీవారు చెప్పినట్టు అన్నీ ఆపేయడం మొదటిది. డబ్బు వెంటనే మిగులుతుంది, అందులో సందేహం లేదు. కానీ రెండు విషయాలు ముందే ఊహించుకోండి. క్రికెట్ మొదలవగానే ఆయనే మళ్లీ కడతారు, అప్పుడు ఆయన క్రికెట్ అవసరమూ మీ సినిమా దండగా అన్నట్టు మిగిలిపోతుంది, ఆ మాట మీ మనసులో చాలాకాలం ఉంటుంది. రెండోది, పిల్లలు చూడటం మానరు. దొంగ సైట్లలోకి, టెలిగ్రామ్ గ్రూపుల్లోకి వెళ్తారు. అక్కడ సినిమా పక్కనే బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు వేలాడుతుంటాయి. నెలకు ఏడు వందలు మిగిల్చి ఇంటర్ చదివే పిల్ల ఫోనులోకి వాటిని రానివ్వడం నాకైతే నష్టపు బేరంగా కనిపిస్తోంది.

ఉన్నవి ఉంచి, పద్దు మార్చుకోవడం రెండోది. క్రికెట్ డబ్బు మీవారి ఖాతాలోంచి, ప్రైమ్ అబ్బాయి చేతి ఖర్చులోంచి, మీ సినిమా మీ ఖాతాలోంచి. మీరు దారాలు, జిప్పులు, లేసులు అన్నీ నెల్లూరు చిన్న బజారులోనే కొంటారు. ప్రైమ్ డెలివరీ వాడుకుంటున్నది చెన్నైలో ఉన్న అబ్బాయే. పైగా 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు కూడా వస్తున్నాయి, అవి లేకుండా చూడాలంటే ఇంకా కట్టాలి. వాడికి అంత అవసరమనిపిస్తే వాడే కట్టుకుంటాడు. ఎవరి డబ్బుతో వారు కట్టేటప్పుడు ఎవరికేది అవసరమో చెప్పకుండానే తెలుస్తుంది, ఈ దారిలో ఉన్న సుఖం అది. కష్టమేమిటంటే, ఒకే ఇంట్లో నాది నీది అని పద్దులు రాసుకోవడం మీ అత్తగారి తరానికి, కొంతవరకు మీవారికి కూడా, ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. మీరు ఈ మాట ఎలా ఎత్తుతారన్న దాని మీద ఇది ఆధారపడి ఉంటుంది.

ఒకసారి ఒక్కటి మాత్రమే తీసుకొని, చూసినన్నాళ్లు చూసి, ఆపేసి, తర్వాత ఇంకొకటి తీసుకోవడం మూడోది. నా మొగ్గు దీనివైపే. కొత్త తెలుగు సినిమాలు థియేటరులో విడుదలైన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఏదో ఒక యాప్‌లోకి వస్తున్నాయి, వచ్చినవి మర్నాడే మాయమైపోవు. రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి ఒక నెలకు కడితే నాలుగైదు సినిమాలు పోగవుతాయి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించినప్పుడు ఫోనులో మాత్రమే చూసేది 149కి, టీవీలో కూడా ఒక తెర మీద చూసేది 199కి, రెండు తెరలది 499కి, నాలుగు తెరలది 649కి పెట్టింది. మీరు కడుతున్నది రెండు తెరల ప్లాను. ఆ రెండో తెర ఎవరిది? చెన్నై హాస్టలుది. కానీ 2023 జులై నుంచి ఒక ఖాతా ఒక ఇంటివారికే అని ఆ కంపెనీ నియమం పెట్టింది, అబ్బాయి మాటిమాటికి కోడ్ అడుగుతున్నాడని మీరు రాసినది దాని ఫలితమే. కాబట్టి మీకు కావలసింది ఒక్క తెర. దాన్ని ఏడాదిలో ఆరు నెలలు ఉంచుకున్నా 199 చొప్పున 1,194 అవుతుంది, ఇప్పటి 5,988 స్థానంలో. కట్టబోయేముందు ఆ రోజు ధర ఎంత ఉందో ఫోనులో ఒకసారి చూసుకోండి, ఈ ధరలు చెప్పి మారవు.

క్రికెట్‌కు కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. 2023లో ఐపీఎల్ మొత్తాన్ని జియోసినిమా ఉచితంగా చూపించింది, 2025 ఫిబ్రవరిలో అది హాట్‌స్టార్‌తో కలిసిపోయాక డబ్బు అడగడం మొదలైంది. మొదట అలవాటు చేసి తర్వాత ధర పెట్టారన్న మీవారి కోపం అర్థం చేసుకోదగినదే. అయితే ఐపీఎల్ రెండు నెలల పండగ. దానికి ఏడాది చందా కట్టనక్కరలేదు, ఆ కలిసిన కొత్తలో మూడు నెలల ఫోను ప్లాను 149కే ఇచ్చారు కూడా. ఆ సమయానికి తక్కువ గడువు ప్లాను ఏముందో చూసి దానికే కట్టమనండి.

ఈ మూడో దారిలో ఒక ఇబ్బంది ఉంది. ఏది ఎప్పుడు తీయాలో, ఏది ఎప్పుడు ఆపాలో ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి, ఇళ్లలో ఆ ఎవరో ఒకరు ఆడవారే అవుతారు. ఆ పని మీరు నెత్తిన వేసుకోవద్దు. ఆటోపేకు ఒప్పుకోకుండా నెలకొకసారి చేత్తో కట్టే వీలున్న చోట అలాగే కట్టండి, మరిచిపోతే దానంతటదే ఆగిపోతుంది. ఆ వీలు లేని చోట, కట్టిన రోజునే రద్దు కూడా చేసేయవచ్చు, సాధారణంగా డబ్బు కట్టిన గడువు పూర్తయ్యేదాకా చూడనిస్తారు. ఈ వ్యవహారమంతా అబ్బాయికి అప్పగించండి, తగిలించినవాడికి విప్పడమూ తెలుసు. పిన్ మాత్రం మీరే కొట్టండి.

అత్తగారి కేబుల్ జోలికి వెళ్లవద్దు. ఆమె చూసే సీరియళ్లు యాప్‌లలో కూడా దొరుకుతాయని పిల్లలు చెప్పి ఉంటారు. నిజమే, కానీ ఏ నంబరు నొక్కితే ఏ ఛానెల్ వస్తుందో వేళ్లకు అలవాటైన మనిషిని ఇప్పుడు బొమ్మల మధ్య బాణం గుర్తు జరుపుకొమ్మనడం న్యాయం కాదు. నెలకు 300 రూపాయలకు రోజూ నాలుగైదు గంటలు చూసే మనిషి ఆమె, గంటల లెక్కన మీ ఇంట్లో అన్నిటికంటే చౌకైన వినోదం అదే. కేబుల్ అబ్బాయి వచ్చినప్పుడు ఏయే ప్యాకులు వేశాడో అడిగి, ఆమె చూడనివి తీయించండి, యాభయ్యో అరవయ్యో తగ్గవచ్చు.

పాప పరీక్షల మాటను మీవారు ఈ గొడవలోకి తెచ్చారు. అది వేరే విషయం, వేరే రోజు మాట్లాడవలసింది. నెట్‌ఫ్లిక్స్ ఆపినా ఫోను ఆమె చేతిలోనే ఉంటుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు క్రికెట్ ప్రస్తావనతో మొదలుపెట్టవద్దు, అది ఎదురుదెబ్బలా వినిపిస్తుంది. మిల్లులో రోజంతా ఇతరుల లెక్కలు పైసాతో సహా రాసే మనిషికి సొంత ఇంట్లో తెలియకుండా డబ్బు పోయిందన్నదే ఎక్కువ బాధ అయి ఉంటుంది, 199 రూపాయల కంటే. ఫైబర్ బిల్లు ముందు చూపించండి. నెలకు 472 మిగిలే దారి కనిపిస్తే ఆయన సగం దిగివస్తారు. ఆ తర్వాత, ఆ మిగిలినదానిలోంచి 199 నా రాత్రి సినిమాకు, నేను చూసే నెలల్లో మాత్రమే, అని చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు కాక, నిర్ణయం తెలియజేస్తున్నట్టు చెప్పండి. అప్పటికీ అన్నీ ఆపాల్సిందేనని పట్టుబడితే, రెండు నెలలు నిజంగానే అన్నీ ఆపి చూడటానికి ఒప్పుకోండి, క్రికెట్‌తో సహా. ఆ రెండు నెలలు యూట్యూబులో నిర్మాణ సంస్థలే పెట్టిన పాత తెలుగు సినిమాలు మీ చేతిపనికి సరిపోతాయి. ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ పాత కార్యక్రమాలు ఉన్నాయి, అత్తగారికి కూడా నచ్చవచ్చు.

ప్లాను మార్పు కొత్త బిల్లు తేదీకి నాలుగైదు రోజుల ముందే అడగాలి, లేకపోతే ఇంకో నెల పాత ధరే పడుతుంది. మీ బిల్లు మీద తేదీ 12 అని ఉంది, కాబట్టి 7వ తేదీ లోపల ఫోను చేయండి.